'ఐ'నా, 'మి'నా, 'మైసెల్ఫ్'ఆ? ఇంగ్లీషు సర్వనామాలు తడబడకుండా వాడడం ఎలా

"'బిట్వీన్ యు అండ్ ఐ' అనాలా, 'బిట్వీన్ యు అండ్ మి' అనాలా?" "నాన్నగారి గురించి రాసేటప్పుడు 'హీ' అంటే మర్యాదగా ఉండదేమో, 'దే' అనొచ్చా?" "'మైసెల్ఫ్ రవి' అంటే తప్పేంటి, అందరూ అంటున్నారుగా?"

ఈ ప్రశ్నలు మాటలు మార్చుకుని వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్ళలో చాలామందికి పట్టిక రాక కాదు. ఐ, మి, మై, మైన్ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. ఒక వాక్యం రాయమంటే మాత్రం కలం ఆగిపోతుంది. ఏయే రూపాలున్నాయో పట్టిక చెబుతుంది, వాటిలో ఇప్పుడు ఏది తీసుకోవాలో చెప్పదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంకో కారణం మన భాషలోనే ఉంది. "రేపు వస్తాను" అన్నామంటే ఎవరు వస్తారో వేరే చెప్పక్కర్లేదు. 'వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది' అని క్రియే చెప్పేస్తుంది. ఇంగ్లీషు క్రియకు ఆ గుణం దాదాపు లేదు. 'కేమ్' అన్నాక వచ్చింది నేనో, నువ్వో, వాళ్ళో ఆ మాటను బట్టి తెలియదు. ఆ భారమంతా సర్వనామమే మోయాలి. కింది మెట్లన్నీ ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతాయి.

ఏం కావాలి

ఒక నోటుపుస్తకం, రెండు రంగుల పెన్నులు, ఈమధ్య మీరే ఇంగ్లీషులో రాసిన పదిహేను ఇరవై వాక్యాలు. మెయిల్ అయినా సరే, మెసేజీలైనా సరే. పుస్తకంలోని వాక్యాలు వద్దు, వాటిలో తప్పులుండవు కాబట్టి మీకు దొరికేదేమీ ఉండదు. ఒకేసారి అన్ని మెట్లూ ఎక్కాలని చూడకండి. రోజుకు ఒకటి చాలు. నాలుగో మెట్టుకు రెండు మూడు రోజులు పెట్టుకోండి.

1. ముందు పురుష గుర్తుపట్టండి

మాట్లాడేది ఎవరు, వినేది ఎవరు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు? మాట్లాడేవాళ్ళు ఫస్ట్ పర్సన్, వినేవాళ్ళు సెకండ్ పర్సన్, మిగతా ప్రపంచమంతా థర్డ్ పర్సన్.

ఇక్కడొక గుంట ఉంది, చూసి నడవండి. తెలుగు వ్యాకరణంలో 'నేను' ఉత్తమ పురుష, 'నువ్వు' మధ్యమ పురుష, 'అతడు' ప్రథమ పురుష. ప్రథమ అంటే మొదటిది కదా అని దాన్ని ఫస్ట్ పర్సన్‌తో జత కలిపేవాళ్ళు చాలామంది. ప్రథమ పురుషకు ఇంగ్లీషులో సమానం థర్డ్ పర్సన్. పరీక్షలో ఈ ఒక్కటి తిరగబడితే దాని కింద రాసినవన్నీ తిరగబడతాయి.

ఒకరికంటే ఎక్కువమంది ఉన్నప్పుడు ఈ వరసలో అడగండి:

ఆ గుంపులో నేనున్నానా? ఉంటే 'వుయ్'.
నేను లేను, వినేవాళ్ళున్నారా? ఉంటే 'యు'.
ఇద్దరమూ లేమా? అయితే 'దే'.

'మై సిస్టర్ అండ్ ఐ' అంటే 'వుయ్'. 'యు అండ్ యువర్ సిస్టర్' అంటే 'యు'. 'మై సిస్టర్ అండ్ కిరణ్' అంటే 'దే'. తెలుగులో "నేనూ మా అక్కా" అని మనల్ని ముందు చెప్పుకుంటాం. ఇంగ్లీషులో ఎదుటివాళ్ళను ముందు చెప్పి 'ఐ'ని చివర పెట్టడం మర్యాద. ముందు పెడితే వ్యాకరణ దోషమేమీ కాదు గానీ వినేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

నామవాచకం ఏదైనా థర్డ్ పర్సనే. అప్లికేషన్లలో కనిపించే 'ది అండర్‌సైన్డ్' అంటే సంతకం పెట్టిన మీరే, అయినా ఆ మాట థర్డ్ పర్సన్. అందుకే దాని తర్వాత 'యామ్' రాదు, 'ఈజ్' వస్తుంది. అలా మొదలుపెట్టి మధ్యలో 'ఐ'కి మారిపోకండి. ఏదో ఒకటే పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. నన్నడిగితే ఈ రోజుల్లో హాయిగా 'ఐ' అని రాసేయడమే మేలు.

2. ప్రతి క్రియకూ ఒక కర్తను కూర్చోబెట్టండి

మీరు రాసిన వాక్యాలు తీసి, క్రియలన్నిటి కింద ఒక రంగుతో గీత గీయండి. తర్వాత ఒక్కో క్రియ దగ్గర ఆగి "ఎవరు?" అని అడగండి. జవాబు మీ బుర్రలో కాదు, కాగితం మీద కనబడాలి.

'వెంట్ టు ఆఫీస్ యెస్టర్‌డే. వజ్ క్లోజ్డ్.' తెలుగులో "నిన్న ఆఫీసుకెళ్ళాను. మూసేసి ఉంది" అంటే లోటేమీ లేదు. ఇంగ్లీషులో రెండు కర్తలు కరువు. 'ఐ వెంట్ టు ద ఆఫీస్ యెస్టర్‌డే. ఇట్ వజ్ క్లోజ్డ్.' స్నేహితులకు పంపే మెసేజీల్లో ఇంగ్లీషువాళ్ళు కూడా 'ఐ' ఎగరగొడతారు, అది వేరే సంగతి. మెయిల్లో, పరీక్షలో, దరఖాస్తులో అలా చేయకండి. ఆజ్ఞావాక్యానికి మాత్రం మినహాయింపు ఉంది. 'కమ్ హియర్', 'ప్లీజ్ సిట్' అన్నప్పుడు 'యు' లోపలే ఉన్నట్టు లెక్క.

వాన, ఎండ, టైము, దూరం లాంటివాటికి అసలు కర్తే ఉండదు కదా? అక్కడ కూడా ఇంగ్లీషు ఊరుకోదు, ఉత్తుత్తి 'ఇట్' తెచ్చి కుర్చీ నింపుతుంది. 'ఇట్ ఈజ్ రెయినింగ్', 'ఇట్ ఈజ్ టెన్ ఓ క్లాక్', 'ఇట్ ఈజ్ ఫార్'. ఆ 'ఇట్' అంటే ఏమిటి అని వెతక్కండి, దానికి అర్థం లేదు.

కర్తలాగే కర్మ కూడా మన వాక్యాల్లో మాయమవుతుంటుంది. "పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెట్టాను" అంటాం. ఏం పెట్టాను అని ఎవరూ అడగరు. ఇంగ్లీషులో 'ఐ బ్రాట్ ద బుక్ అండ్ పుట్ ఆన్ ద టేబుల్' అంటే వాక్యం కుంటుతుంది, 'పుట్ ఇట్ ఆన్ ద టేబుల్' అనాలి. 'పుట్', 'గివ్', 'సెండ్', 'లైక్', 'వాంట్' లాంటి క్రియలు కనబడగానే వెనక 'ఇట్' గానీ 'దెమ్' గానీ ఉందో లేదో చూసుకోండి.

ఇక దీనికి ఎదురు తప్పు: ఉన్న కర్తను రెండోసారి చెప్పడం. 'మై బ్రదర్ హీ వర్క్స్ హియర్' అనే వాక్యంలో 'బ్రదర్' వచ్చాక 'హీ'కి పనిలేదు. 'ద బుక్ దట్ ఐ బాట్ ఇట్' కూడా ఈ జాతిదే, చివరి 'ఇట్' కొట్టేయండి.

3. క్రియను పురుషతో కలపండి

ఇది త్వరగా తేలిపోతుంది. వర్తమానంలో ఒకే ఒక్క చోట క్రియ మారుతుంది: 'హీ', 'షీ', 'ఇట్' లేదా ఏకవచన నామవాచకం కర్తగా ఉన్నప్పుడు చివర 'ఎస్' చేరుతుంది. 'ఐ గో, యు గో, దే గో', కానీ 'షీ గోస్'. 'హ్యావ్' కాస్తా 'హ్యాజ్' అవుతుంది, 'డూ' కాస్తా 'డజ్' అవుతుంది. 'బి' క్రియ ఒక్కటే మొండిది: 'ఐ'కి 'యామ్', 'హీ', 'షీ', 'ఇట్'లకు 'ఈజ్', మిగతా అందరికీ 'ఆర్'. గతకాలంలో 'వజ్', 'వర్' తప్ప మారేది ఏదీ లేదు.

ఎక్కువగా జరిగే తప్పు 'షీ డజంట్ హ్యాజ్'. ఆ 'ఎస్' గుర్తును 'డజ్' ఒకసారి మోసేసింది, ఇంకోసారి వద్దు. 'షీ డజంట్ హ్యావ్' అనండి. 'కెన్', 'విల్', 'మస్ట్' లాంటివి 'ఎస్' జోలికే పోవు, వాటి వెనక వచ్చే క్రియ కూడా పోదు: 'హీ కెన్ స్వింస్' కాదు, 'హీ కెన్ స్విమ్'.

'ఎవ్రీవన్', 'ఎవ్రీబడీ', 'నోబడీ' వినడానికి గుంపులా ఉంటాయి గానీ క్రియ దగ్గర ఏకవచనాలే. 'ఎవ్రీవన్ హ్యాజ్', 'ఎవ్రీబడీ నోస్'.

4. కర్త రూపమా, కర్మ రూపమా?

అసలు కథ ఇక్కడుంది. నిదానంగా చదవండి.

క్రియకు ముందు, పని చేసేవాళ్ళుగా వచ్చేవి: ఐ, వుయ్, యు, హీ, షీ, ఇట్, దే.
క్రియ తర్వాత, లేదా 'టు, ఫర్, విత్, ఫ్రమ్, బిట్వీన్' లాంటి మాటల తర్వాత వచ్చేవి: మి, అస్, యు, హిమ్, హర్, ఇట్, దెమ్.

'యు', 'ఇట్' రెండు చోట్లా ఒకటే, వాటితో బాధ లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు మిగతావాటిలోనూ ఎవరూ పెద్దగా తప్పు చేయరు. 'హీ కాల్డ్ ఐ' అని ఎవరైనా అన్నారా? పక్కన ఇంకో మనిషి చేరగానే టెన్షన్ మొదలవుతుంది. 'హీ కాల్డ్ మై సిస్టర్ అండ్...' దగ్గర ఆగి, 'ఐ' అంటే స్టైల్‌గా ఉంటుంది కదా అని అదే వేసేస్తారు.

పరీక్ష సులువు. పక్కమనిషిని తీసేయండి. 'హీ కాల్డ్ ఐ'నా, 'హీ కాల్డ్ మి'నా? 'మి'. కాబట్టి 'హీ కాల్డ్ మై సిస్టర్ అండ్ మి'. అటు నుంచి చూసినా ఇదే పద్ధతి: 'మి అండ్ కిరణ్ వెంట్'లో కిరణ్‌ను తీసేస్తే 'మి వెంట్' మిగిలింది, పనికిరాదు. 'కిరణ్ అండ్ ఐ వెంట్'.

'బిట్వీన్' దగ్గర ఒకరిని తీసేయడం కుదరదు, మధ్య అంటే ఇద్దరుండాలి కదా. అక్కడ ఇద్దరినీ కలిపి ఒకే మాటగా మార్చండి. 'బిట్వీన్ వుయ్'ఆ, 'బిట్వీన్ అస్'ఆ? 'అస్' అని నోరే చెబుతుంది. 'అస్' కర్మ రూపం కాబట్టి ఇక్కడా కర్మ రూపమే: 'బిట్వీన్ యు అండ్ మి'. బాగా చదువుకున్నవాళ్ళు కూడా 'యు అండ్ ఐ' అనేది ఇక్కడే. ఎన్నిసార్లు విన్నా మీరు మాత్రం 'మి'నే పట్టుకోండి.

ఇప్పుడు మన వైపు నుంచి వచ్చే అసలు చిక్కు: 'నాకు'. "నాకు ఇచ్చాడు" అంటే 'హీ గేవ్ మి', బాగానే ఉంది. దాంతో 'నాకు' అంటే 'మి' లేదా 'టు మి' అని మనసులో ముద్రపడిపోతుంది. తర్వాత వీటిని చూడండి:

నాకు తెలుసు: 'ఐ నో'.
నాకు కావాలి: 'ఐ వాంట్ ఇట్'.
నాకు ఆకలిగా ఉంది: 'ఐ యామ్ హంగ్రీ'.
నాకు జ్వరంగా ఉంది: 'ఐ హ్యావ్ ఎ ఫీవర్'.
నాకు ఇద్దరు అన్నయ్యలు: 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్'.
నాకు అర్థం కాలేదు: 'ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్'.

అన్నిటిలోనూ 'నాకు' ఉంది, ఇంగ్లీషులో మాత్రం అన్నీ 'ఐ'. తెలియడం, కావడం, అనిపించడం, నచ్చడం, ఉండడం లాంటివి తెలుగులో మనిషికి 'కు' తగిలించి చెబుతాం. ఇంగ్లీషు ఆ మనిషినే కర్తను చేస్తుంది. 'నీకు', 'అతనికి', 'వాళ్ళకు' అన్నా ఇదే లెక్క: "వాళ్ళకు తెలియదు" అంటే 'దే డోంట్ నో'. అందుకని తెలుగు విభక్తిని చూసి ఇంగ్లీషు రూపం ఎంచుకోవద్దు. ముందు ఇంగ్లీషు క్రియను ఎంచుకోండి, తర్వాత దాని ముందు ఎవరు, వెనక ఎవరు అని అడగండి. వరస మారితే జవాబూ మారుతుంది.

రెండు చిన్న తగాదాలు. తలుపు కొట్టి "నేనే" అనడానికి పాత వ్యాకరణాలు 'ఇట్ ఈజ్ ఐ' అనమంటాయి, మనుషులు మాత్రం 'ఇట్స్ మి' అంటారు. మీరూ అదే అనండి. 'షీ ఈజ్ టాలర్ దాన్ మి' మాటల్లో మామూలే. ఎవరైనా ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నారనుకుంటే 'దాన్ ఐ యామ్' అని రాయండి, దానికి వంక పెట్టేవాళ్ళుండరు.

5. 'మై' ఎక్కడ, 'మైన్' ఎక్కడ?

వెనక వస్తువు పేరు ఉంటే మై, అవర్, యువర్, హిజ్, హర్, ఇట్స్, దెయిర్. పేరు లేకుండా ఒంటరిగా నిలబడితే మైన్, అవర్స్, యువర్స్, హిజ్, హర్స్, దెయిర్స్. 'దిస్ ఈజ్ మై బ్యాగ్', 'దిస్ బ్యాగ్ ఈజ్ మైన్'. 'హిజ్' ఒక్కటే రెండు చోట్లా మారదు. వెనక పేరు లేకుండా 'ఇట్స్'ను ఒంటరిగా దాదాపు ఎవరూ వాడరు.

రాసేటప్పుడు వచ్చే తప్పు అపాస్ట్రఫీది, అంటే అక్షరాల మధ్య పైన పెట్టే చిన్న గుర్తుది. పేర్లకు అది పెడతాం కదా అని 'యువర్స్', 'హర్స్', 'దెయిర్స్' మీద కూడా పెట్టేస్తారు. ఈ మాటల్లో దేనికీ అది ఉండదు. 'ఇట్స్' దగ్గర మరీ జాగ్రత్త. 'టి'కీ 'ఎస్'కీ మధ్య పైన ఆ చిన్న గుర్తు ఉంటే అది 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హ్యాజ్'. లేకపోతే 'దాని'. సరిచూడాలంటే విడదీసి చదవండి. 'ద డాగ్ వ్యాగ్డ్ ఇట్ ఈజ్ టెయిల్' అని చదివితే నవ్వొస్తుంది, అంటే గుర్తు అక్కర్లేదు.

ఇంకోటి, మనకే ప్రత్యేకమైనది. మనం "నా నాన్న" అనం, "మా నాన్న" అంటాం. "మా ఇల్లు, మా ఆఫీసు, మా ఆవిడ" అన్నీ 'మా'లే. దాన్ని ఉన్నదున్నట్టు 'అవర్' చేస్తే "మా ఆయన" కాస్తా 'అవర్ హస్బెండ్' అవుతుంది, వినేవాళ్ళు ఎంతమందికి భర్త అని లెక్కపెట్టుకుంటారు. మాట్లాడేది మీరొక్కరే అయితే 'మై'. తోబుట్టువులు కలిసి మాట్లాడుతుంటే అప్పుడు 'అవర్ ఫాదర్' సరైనదే. "మీ నాన్న"తో చిక్కు లేదు, నువ్వైనా మీరైనా 'యువర్' ఒక్కటే.

6. మర్యాద, మనం-మేము, తను: తెలుగులో ఉండి ఇంగ్లీషులో లేనివి

ఇంగ్లీషు సర్వనామాల్లో గౌరవవాచకం లేదు. "నాన్నగారు వచ్చారు, వారు మీతో మాట్లాడతారట" అన్నదాన్ని 'మై ఫాదర్ కేమ్, దే విల్ టాక్ టు యు' అంటే, నాన్నతో పాటు ఇంకెవరొచ్చారని ఎదుటివాళ్ళు వెతుక్కుంటారు. ఒక్కరే అయితే 'హీ'. అందులో అగౌరవం ఏమీ లేదు. మనసొప్పకపోతే దారి ఉంది: సర్వనామం తగ్గించి 'మై ఫాదర్' అనో, పదవితో కలిపి పేరు అనో మళ్ళీ చెప్పండి. 'సర్ హీ సెడ్' అని రెండూ కలిపి మాత్రం చెప్పకండి, రెండో మెట్టులోని జోడు కర్త తప్పు మళ్ళీ వస్తుంది.

'యు' విషయంలో నువ్వు-మీరు తేడా పోయి చాలాకాలమైంది. ఒకప్పుడు ఏకవచనానికి 'దౌ' ఉండేది. బహువచనమైన 'యు'ను మర్యాదకు ఒక్కరికీ వాడుతూ వాడుతూ, చివరికి మామూలు మాటల్లోంచి 'దౌ'ను గెంటేశారు. అందుకే ఎదురుగా ఒక్కరే ఉన్నా 'యు ఆర్', 'యు వర్' అంటాం. 'యు ఈజ్', 'యు వజ్' ప్రామాణిక ఇంగ్లీషులో తప్పు. మందితో మాట్లాడుతున్నామని తెలియాలంటే 'యు ఆల్', 'బోత్ ఆఫ్ యు', 'ఆల్ ఆఫ్ యు' అనండి.

'మనం', 'మేము' రెండూ 'వుయ్' అయిపోతాయి. 'వుయ్ ఆర్ గోయింగ్ టు ద మీటింగ్' అంటే నన్నూ కలుపుకున్నారా లేదా అని వినేవాళ్ళకు అనుమానం రావచ్చు. 'మనం' అని తెలియాలంటే 'యు అండ్ ఐ', 'ఆల్ ఆఫ్ అస్' వాడండి, లేదా 'లెట్స్' అనండి. 'లెట్స్ గో' ఎప్పుడూ 'మనం వెళ్దాం' అనే. 'మేము' అయితే ఎవరెవరో చెప్పేయండి: 'మై టీమ్ అండ్ ఐ'.

'తను' అన్న మాటకు ఆడా మగా లేదు, దానికి తోడు "ఆమె వచ్చింది", "అది వచ్చింది" అని క్రియ దగ్గర స్త్రీకీ వస్తువుకూ తేడా చూపించం. కాబట్టి గబగబా మాట్లాడేటప్పుడు 'హీ', 'షీ' తారుమారు కావడం సహజం. దీనికి కిటుకేమీ లేదు, అలవాటు చేసుకోవాలంతే. తెలిసిన ఒక ఆడమనిషి గురించి రోజూ రెండు నిమిషాలు గట్టిగా చెప్పుకోండి, 'షీ', 'హర్' తప్ప ఇంకోటి రాకుండా. మర్నాడు ఒక మగమనిషి గురించి. అనుమానం వస్తే పేరు చెప్పేయండి, ఆగిపోవడం కంటే అది నయం.

ఎవరో తెలియని మనిషి అయితే? 'సంబడీ లెఫ్ట్ దెయిర్ ఫోన్.' ఒక్కరికి 'దెయిర్' ఏమిటని కొందరు అభ్యంతరపెడతారు గానీ, ఈ వాడుక 14వ శతాబ్దం నుంచీ ఇంగ్లీషు రాతల్లో ఉంది. పరిశోధన పత్రాలు రాసేవాళ్ళు పాటించే ఏపీఏ స్టైల్ కూడా 2019లో వచ్చిన ఏడో ముద్రణలో దీన్ని వాడమనే చెప్పింది. తమను 'దే' అని పిలవమని కోరేవాళ్ళకూ ఇదే వాడాలి. క్రియ మాత్రం 'దే ఆర్' అనే, మనిషి ఒక్కరైనా సరే. నిజానికి ఇది మనకు కొత్తగా అనిపించకూడదు. తలుపు చప్పుడైతే "ఎవరో వచ్చారు" అంటాం, వచ్చింది ఒక్కరే అయినా. మీ టీచరుకో ఆఫీసుకో ఇది నచ్చదని తెలిస్తే మొత్తం వాక్యాన్ని బహువచనంలోకి తిప్పేయండి: 'ఎ స్టూడెంట్' బదులు 'స్టూడెంట్స్' అంటే 'దెయిర్' గురించి గొడవే ఉండదు.

జంతువుల సంగతి: మామూలుగా 'ఇట్'. పెంచుకున్నవాళ్ళు 'హీ', 'షీ' అంటారు. వాళ్ళ ముందు వాళ్ళ కుక్కను 'ఇట్' అని నొచ్చుకునేలా చేయకండి.

7. 'మైసెల్ఫ్'ను అదుపులో పెట్టండి

'మైసెల్ఫ్ రవి' వాక్యమే కాదు. అందులో కర్త లేదు, క్రియా లేదు. 'ఐ యామ్ రవి' అనండి, లేదా 'మై నేమ్ ఈజ్ రవి'. ఇంటర్వ్యూలో మొట్టమొదటి మాటే ఇది కాబట్టి ముందు దీన్ని దిద్దుకోండి.

'సెల్ఫ్' మాటలకు ఉన్న పనులు మూడే. చేసేదీ పడేదీ ఒకరే అయినప్పుడు: 'ఐ కట్ మైసెల్ఫ్'. 'స్వయంగా' అని నొక్కి చెప్పేటప్పుడు: 'షీ రోట్ ఇట్ హర్‌సెల్ఫ్'. 'ఒంటరిగా' అనడానికి: 'బై మైసెల్ఫ్'. ఈ మూడూ కాకపోతే అక్కడ 'ఐ' గానీ 'మి' గానీ ఉండాలి. ఆఫీసు మెయిళ్ళలో 'ప్లీజ్ కాంటాక్ట్ కిరణ్ ఆర్ మైసెల్ఫ్' తెగ కనబడుతుంది. కిరణ్‌ను తీసేస్తే 'కాంటాక్ట్ మి' కదా, అదే రాయండి.

రూపాల్లో జారేవి రెండు: 'హిస్‌సెల్ఫ్' లేదు, 'హిమ్‌సెల్ఫ్' ఉంది. 'దెయిర్‌సెల్వ్స్' లేదు, 'దెమ్‌సెల్వ్స్' ఉంది. 'యువర్‌సెల్ఫ్' ఒక్కరికి, 'యువర్‌సెల్వ్స్' ఎక్కువమందికి. 'యు'లో పోయిన ఏకవచన-బహువచన తేడా ఇక్కడొక్కచోట బతికి ఉంది.

8. 'అని' వచ్చినప్పుడు పురుష మార్చండి

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా తడబడే చోటు ఇది. "రవి నేను రానన్నాడు" అంటాం. ఆ 'నేను' రవి. ఎదుటివాళ్ళ మాటను వాళ్ళ నోటితోనే చెప్పి 'అని' తగిలించడం మన పద్ధతి. దీన్ని 'రవి సెడ్ ఐ వోంట్ కమ్' అని రాస్తే, రానిది రవి కాదు, మీరు! 'రవి సెడ్ హీ వుడ్ నాట్ కమ్' అనాలి.

ఇంకొంచెం చిక్కుది: "నువ్వు ఎప్పుడొస్తావని సీత అడిగింది." ఆ 'నువ్వు' ఎవరు? సీత నన్నే అడిగింది కాబట్టి నేనే. 'సీత ఆస్క్‌డ్ మి వెన్ ఐ వుడ్ కమ్.' తెలుగు 'నువ్వు' ఇంగ్లీషులో 'ఐ' అయింది.

పద్ధతి ఇలా పెట్టుకోండి. 'అని'కి ముందున్న ప్రతి సర్వనామం దగ్గర ఆగి, అసలు మనిషి పేరు రాయండి. తర్వాత ఇప్పుడు ఈ వాక్యం చెబుతున్నది ఎవరు, వింటున్నది ఎవరు అని చూడండి. ఆ పేరు చెప్పేవాళ్ళదైతే 'ఐ', వినేవాళ్ళదైతే 'యు', ఇంకెవరిదైనా అయితే 'హీ', 'షీ', 'దే'. పేరు రాయకుండా మనసులో తిప్పితే ఎక్కడో ఒకచోట బోల్తా పడతారు. మరీ గజిబిజిగా ఉంటే కొటేషన్ గుర్తులు పెట్టి అన్నమాట అన్నట్టే రాసేయండి, అదీ తప్పు కాదు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

చిన్న పేరా తీసుకుని పురుష మార్చి రాయడాన్ని మించిన పరీక్ష లేదు. ఇదిగో:

'ఐ లివ్ విత్ మై సిస్టర్. షీ టీచెస్ మి మ్యాథ్స్. ఐ డోంట్ లైక్ ఇట్, బట్ ఐ డూ మై హోమ్‌వర్క్ మైసెల్ఫ్.'

దీన్ని కిరణ్ అనే అబ్బాయి గురించి రాయండి. కింద చూడకముందు ఎన్ని మాటలు మార్చారో లెక్కపెట్టుకోండి.

'కిరణ్ లివ్స్ విత్ హిజ్ సిస్టర్. షీ టీచెస్ హిమ్ మ్యాథ్స్. హీ డజంట్ లైక్ ఇట్, బట్ హీ డజ్ హిజ్ హోమ్‌వర్క్ హిమ్‌సెల్ఫ్.'

పది మారాలి. తక్కువొస్తే సాధారణంగా క్రియల దగ్గరే వదిలేసి ఉంటారు: లివ్స్, డజంట్, డజ్. ఎక్కువొస్తే 'షీ'నో 'ఇట్'నో అనవసరంగా కదిపారన్నమాట. అవి అక్కవి, లెక్కలవి, మన కథతో వాటికి సంబంధం లేదు.

ఇప్పుడు కిరణ్ బదులు సీత గురించి రాయండి. 'సీత లివ్స్ విత్ హర్ సిస్టర్. షీ టీచెస్ హర్ మ్యాథ్స్.' వ్యాకరణం బాగానే ఉంది గానీ ఎవరు ఎవరికి చెబుతున్నారు? ఇద్దరూ ఆడవాళ్ళే కావడంతో 'షీ' ఎటైనా తిరుగుతుంది. ఇలాంటప్పుడు ఒక సర్వనామాన్ని తీసేసి మనిషిని పెట్టండి: 'హర్ సిస్టర్ టీచెస్ హర్ మ్యాథ్స్'. మీరు రాసిన మెయిల్లో 'హీ', 'షీ', 'దే', 'ఇట్' కనబడిన ప్రతిచోటా రెండో రంగు పెన్నుతో బాణం గీసి, అది ఏ పేరును చూపిస్తుందో కలపండి. బాణం రెండు వైపులకు వెళ్తే పేరు పెట్టండి. ఏ వైపుకూ వెళ్ళకపోతే ఆ పేరు మీరసలు చెప్పనేలేదు.

ఇక ఈ నాలుగూ ఇంగ్లీషులోకి మార్చి చూడండి.

క. మా అమ్మకు నీ ఫోన్ నచ్చింది.
చ. తాళంచెవి దొరికింది, బ్యాగులో వేశాను.
ట. కిరణ్ నేను రాలేనన్నాడు.
త. ఆ ఉత్తరం నాకూ మా అన్నయ్యకూ నిన్న అందింది.

జవాబులు. క: 'మై మదర్ లైక్డ్ యువర్ ఫోన్.' 'అవర్ మదర్' అని రాస్తే ఐదో మెట్టుకు వెళ్ళండి. చ: 'ఐ ఫౌండ్ ద కీ అండ్ పుట్ ఇట్ ఇన్ మై బ్యాగ్.' ఇందులో ఐ, ఇట్, మై మూడూ తెలుగు వాక్యంలో లేవు, మీరే తేవాలి. ట: 'కిరణ్ సెడ్ హీ కుడ్ నాట్ కమ్.' త మాత్రం రెండు రకాలుగా రాయొచ్చు. క్రియ 'రిసీవ్' అయితే 'మై బ్రదర్ అండ్ ఐ రిసీవ్డ్ ద లెటర్ యెస్టర్‌డే.' క్రియ 'రీచ్' అయితే 'ద లెటర్ రీచ్డ్ మై బ్రదర్ అండ్ మి యెస్టర్‌డే.' మీరు రాసింది వీటిలో ఏదైనా మార్కు మీదే, 'ఐ', 'మి' మాత్రం ఒకదాని చోట ఒకటి పడకుండా ఉంటే చాలు.